ఆ నట్టు బిగించే ఉంది

తెనాలి మేస్త్రిగారు పోయారని గురువారం సాయంత్రం మా డ్రైవరు వచ్చి చెప్పాడు. మిల్లులో వడ్లు దింపి ఖాళీ బండితో తిరిగొచ్చిన మనిషి, రోజూలా తాళాలు మేకుకి తగిలించకుండా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. నేను చేటలో కందిపప్పు ఏరుతున్నాను. "మేస్త్రిగారు లేరండమ్మగారూ. నిన్న పొద్దున షెడ్డులో బెంచీ మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వాలిపోయారంట. దహనం కూడా అయిపోయింది" అన్నాడు. ఏరిన పప్పు మళ్ళీ చేటలో పోసుకుని మొదటినుంచీ ఏరాను. మర్నాడు శుక్రవారం. శుక్రవారం పూట పలకరింపుకు వెళ్ళకూడదంటారు, అందుకని ఆ రోజంతా ఇంట్లోనే కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఆయన మీకేమవుతారని ఎవరైనా అడిగితే చెప్పడానికి చుట్టరికం ఏమీ లేదు. మా లారీకి కరెంటు పని చేసే మేస్త్రి, అంతే. తెనాలిలో లారీల వాళ్ళని ఎవరిని కదిపినా ఆయన పనిని మెచ్చుకుంటారు. మెచ్చుకుని చివర ఒక తోక తగిలిస్తారు: పాపం, ఒక్కసారి నట్టు బిగించడం మర్చిపోయి ఒక మనిషి ప్రాణం పోవడానికి కారణమయ్యాడు, అని. పన్నెండేళ్ళుగా ఆ తోక ఆయన పేరు వెంట తిరుగుతోంది. ఆ పోయిన మనిషి మా ఆయన. ఆ తోక తగిలించింది నేను. దాన్ని ఊడదియ్యడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. బతికుండగా ఆ పని చెయ్యనివ్వలేదు. ఇప్పుడు వద్దనడానికి ఆయన లేరు.

మాది రేపల్లె దగ్గర నగరం అనే ఊరి పక్కన పల్లె. అరవై మూడులో మా ఆయన లారీ కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన బండి. మా దగ్గరికి వచ్చేసరికి ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. పెట్రోలు ఇంజను పీకేసి ఎవరో డీజిలు ఇంజను కూర్చోబెట్టారు. హారను తప్ప అన్నీ మోగేవని ఊళ్ళో వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. డీజిలు ఎంతుందో చూపించే మీటరులో ముల్లు మేం కొన్ననాటికే చచ్చిపోయి ఉంది. దానితో మా డ్రైవరు, బాపట్ల మనిషి, వెదురుబద్దకి గాట్లు పెట్టుకుని ట్యాంకులో ముంచి చూసుకునేవాడు. తడి ఎన్నో గాటు దాకా ఉంటే అంత డీజిలు ఉన్నట్టు. మూడేళ్ళు ఆ కర్రతోనే గడిచింది, ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు.

దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా, దానికి ముందు లారీకి రంగులు వేసే పని నాది. ముగ్గులు వేయడంలో పుట్టింట్లో నాకు పేరు. అత్తగారింట్లో గోడలన్నీ అయిపోయాక నా కన్ను లారీ మీద పడింది. తలుపుల మీద లతలు వేశాను, ఆకుపచ్చ ట్యాంకు మీద గులాబీరంగు తామరపువ్వు వేశాను. డ్రైవరు లూథరన్ చర్చి మనిషి. అతను మాత్రం ఊరుకుంటాడా? క్రిస్మస్ వచ్చేసరికి ముందు బంపరు మీద తెల్ల నక్షత్రాలు దించి, పనిలో పనిగా మిగిలిన చోటల్లా ఇంకో పూత లాగించేవాడు. మా బండి రెండు మతాలూ పుచ్చుకుందని మా ఆయన నవ్వేవారు. ఎక్కడన్నా బోడి ఇనుము కనబడితే మా ఇద్దరికీ నిద్రపట్టేది కాదు. సముద్రపు గాలి తగిలే ఊరు, తుప్పు పట్టడానికి నెల చాలు.

అరవై ఆరు వేసవిలో మా ఆయన లారీని తెనాలి తీసుకెళ్తుంటే నేనూ కేబిన్లో కూర్చుని వెళ్ళాను. మేస్త్రిగారిని అప్పుడే మొదటిసారి చూడటం. కాలవ ఒడ్డున రేకుల షెడ్డు, సన్నటి మనిషి, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. మీటరు పని చెయ్యడం లేదని చెబితే వెంటనే బండి మీద పడిపోలేదు. ఎప్పటినుంచి, ఎండలోనా వానలోనా, బండి కుదిపితే కదులుతుందా అని వైద్యుడిలా అడిగారు. విప్పిన ప్రతి నట్టునీ కింద పరిచిన పాత పేపరు మీద వరసగా పెట్టుకున్నారు. మొదట విప్పింది ఎడమ చివర, ఆఖర్న విప్పింది కుడి చివర. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వచ్చేవారు. పేపరు ఖాళీ అయ్యేదాకా లేచేవారు కాదు. అలాంటి మనిషి నట్టు మర్చిపోతాడా అని తర్వాత ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. నాకూ రాలేదు.

ఆ రోజు ఆయన చెప్పింది మా ఆయనకన్నా నేనే శ్రద్ధగా విన్నాను. ట్యాంకు లోపల డీజిలు మీద ఒక బుడ్డి తేలుతూ ఉంటుందట. అది పైకీ కిందకీ కదిలిన కొద్దీ తీగ గుండా ముల్లుకి కబురు వెళ్తుంది. ఆ కబురు సరిగా అందాలంటే ట్యాంకు ఇనుము లారీ చట్రం ఇనుముని తాకుతూ ఉండాలి. మా ట్యాంకు రబ్బరు పట్టీల మీద కూర్చుంది, పైగా నిండా రంగు. అందుకని ఆయన ట్యాంకు పక్కన చట్రం మీద రూపాయి బిళ్ళంత మేర రంగు గీకేసి, బోడి ఇనుము తేల్చి, ట్యాంకు నుంచి ఒక రాగి తీగ తెచ్చి అక్కడ నట్టు వేసి బిగించారు. బ్యాటరీ తీగ తగిలించే ముందు, చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా "జరగండి" అన్నారు. అది ఆయన అలవాటు. ముల్లు లేచి సరిగ్గా పావు దగ్గర నిలబడింది. కర్ర ముంచి చూస్తే పావే.

మా ఆయన సంబరపడిపోయి, ఇంక కర్ర పీడ వదిలిందన్నారు. మేస్త్రిగారు మటుకు, "కర్ర పారేయకండి. ముల్లుకి అబద్ధమాడటం రాదుగానీ, దానికి కింద నుంచి ఏం చెబితే అదే చెప్పిద్ది" అన్నారు. మా ఆయన సరే సరేనన్నారు. ఇంటికొచ్చాక ఆ కర్ర సొరపాదుకి ఊతంగా పాతేశారు.

ఆ దసరా తర్వాత మా లారీ డీజిలు తక్కువ తాగడం మొదలుపెట్టింది. నవ్వకండి, మేం అలాగే అనుకున్నాం. తెనాలి వెళ్ళి వచ్చినా ముల్లు పెద్దగా దిగేది కాదు. పూజ ఫలించిందని మా అత్తగారు, ఇంజను దారికొచ్చిందని డ్రైవరు, తను కొన్న బండి మంచిదని మా ఆయన. ఎవరి గొప్ప వాళ్ళది.

మార్గశిరంలో కుప్పలు వేస్తున్న రోజులు. పొద్దున పదకొండు గంటలప్పుడు మా ఆయన పొలం నుంచి నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఎడమ చెయ్యి లాగుతోందన్నారు. మంచినీళ్ళు అడిగి తాగలేకపోయారు. లారీలో రేపల్లె తీసుకెళ్తే అక్కడ డాక్టరు చూసి, గుండె అని చెప్పి, సూది వేసి, ఉన్నపళంగా తెనాలి తీసుకెళ్ళమన్నాడు. రైలు అప్పుడే వెళ్ళిపోయింది. లారీలోనే బయల్దేరాం. ఊరి చివర బంకు దగ్గర డ్రైవరు బండి నెమ్మది చేసి, డీజిలు పోయించమంటారా అమ్మగారూ అని అడిగాడు. ముందు రెండు లారీలు ఆగి ఉన్నాయి. ముల్లు సగానికి పైనే ఉంది.

"సగం ఉందిగా, పద" అన్నాను.

తెనాలి ఇంకా నాలుగు మైళ్ళుందనగా ఇంజను రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. డ్రైవరు దిగి బానెట్టు ఎత్తాడు, అటూ ఇటూ చూశాడు. చివరికి తుమ్మకొమ్మ ఒకటి విరిచి ట్యాంకులో ముంచాడు. కొమ్మ ఎలా వెళ్ళిందో అలాగే పొడిగా వచ్చింది. అతను దాన్ని నాకు చూపించాడు. పొలంలో ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని, డబ్బా తగిలించుకుని తెనాలి వైపు తొక్కుకుంటూ పోయాడు.

ఆ గంటంబావు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో జరిగింది కూడా ఏమీ లేదు. ఆయన తల నా భుజం మీద ఉంది. రేపల్లె వెళ్ళే బస్సు ఒకటి ఎదురొచ్చి పోయింది. తెనాలి వైపు రెండు గడ్డిబండ్లు వచ్చాయి, ఎద్దులు నడిచే నడకకి సాయంత్రమవుతుంది. నేను దిగుతాను, రోడ్డు చూస్తాను, మళ్ళీ ఎక్కుతాను. పమిట తడిపి మొహం తుడుస్తాను. ముల్లు నా కళ్ళ ఎదురుగానే సగం పైన నిలబడి ఉంది. ఆయన కళ్ళు తెరిచి దాన్ని చూసి, "సగం ఉందిగా. మరెందుకాగింది?" అన్నారు. నొప్పి సంగతి మర్చిపోయి బండి గురించి దిగులు పడ్డట్టు అడిగారు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

డ్రైవరు వచ్చాడు. డీజిలు పోశాడు. పోసినంత మాత్రాన కదలడానికి అది పెట్రోలు బండి కాదు. గొట్టాల్లో చేరిన గాలి అంతా తియ్యాలి. మర వదులు చేసి, చేత్తో పంపు కొడుతూ, బుడగలు ఆగేదాకా కొట్టాలి. అతను కొడుతూ ఏడుస్తూ ప్రభువుని పిలుస్తున్నాడు. నేను నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాను. బుడగలు వస్తూనే ఉన్నాయి. తెనాలి ఆసుపత్రి మెట్ల దగ్గర డాక్టరు లారీ ఎక్కి చెయ్యి పట్టుకు చూసి, మళ్ళీ దిగిపోయాడు.

కర్మలన్నీ అయ్యాక డ్రైవరు లారీని మేస్త్రిగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన ఇతన్ని టీ తాగి రమ్మని పంపించి ఒక్కరే చూసి బాగు చేశారట. ఆ మర్నాడు తనే బస్సెక్కి మా ఊరు వచ్చారు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని మా వాకిట్లో నిలబడ్డారు. మా అత్తగారు, ఇరుగుపొరుగు, పాలేళ్ళు అందరూ ఉన్నారు. నేను గుమ్మం వెనకాల ఉన్నాను.

"తప్పు నాదేనమ్మా. ట్యాంకు దగ్గర నట్టు బిగించడం మర్చిపోయాను. అది వదులై ముల్లు తప్పు చూపించింది" అన్నారు, అందరికీ వినబడేలా.

నేను గుమ్మం దాటి వచ్చాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయలేను. చేతులు పడిపోవాలని అన్నాను, నీ ఇంట్లో కూడా ఇలాగే దీపం ఆరాలని అన్నాను. ఆయన తల వంచుకుని, నేను ఆగినప్పుడల్లా "అనండమ్మా" అన్నారు. మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. రెండు మైళ్ళు నడిచి బస్సు దగ్గరికి వెళ్ళారని తర్వాత విన్నాను. విని, బాగా అయింది అనుకున్నాను.

లారీ అమ్మేయమని అందరూ చెప్పారు. నేను అమ్మలేదు. పంతమో ఏమో నాకే తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళ ముండమోపి లారీ నడిపిస్తుందా అని మూతులు విరిచారు. నడిపించాను. తెనాలిలో వేరే షెడ్డుకి పంపించేదాన్ని. కలిసిన ప్రతి లారీ ఓనరుకీ నట్టు సంగతి చెప్పేదాన్ని, అడగకపోయినా చెప్పేదాన్ని. ఆయన షెడ్డుకి బళ్ళు తగ్గాయని విని సంతోషించిన రోజులు ఉన్నాయి. రంగుల జోలికి మాత్రం పోలేదు.

డెబ్బై ఒకటి దసరాకి బండి మరీ బొల్లిపట్టినట్టు ఉందని డ్రైవరు బతిమాలాడు. అయిదేళ్ళ తర్వాత కుంచె పట్టాను. తామరపువ్వు దిద్దుతుంటే ఆ నట్టు కనబడింది. చూడగానే ఒళ్ళు మండింది. ఈసారి ఏ మేస్త్రీ మర్చిపోకుండా నేనే బిగిస్తాననుకుని పానా తీసుకుని నట్టు విప్పాను. కింద బోడి ఇనుము అంచుల్లో తుప్పు మొదలైంది. శుభ్రంగా రెండు పూతలు వేసి, ఆరనిచ్చి, తీగ దాని చోట పెట్టి, అరచెయ్యి బొబ్బలెక్కేలా బిగించాను.

నెల తిరక్కుండా ముల్లు మళ్ళీ మొదలుపెట్టింది. కర్ర పావు అంటే ముల్లు ముప్పావు అంటుంది. అప్పటికి మళ్ళీ కర్ర వాడుతున్నాం కాబట్టి ప్రమాదం లేదు. బాపట్లలో ఎరువు బస్తాలు దింపించడానికి వెళ్ళినప్పుడు, స్టేషను దగ్గర కరెంటు పని చేసే కుర్రాడొకడు ఉంటే వాడికి చూపించాను. పాతికేళ్ళు ఉంటాయి, నోటి నిండా మాటలు. స్టూలు వేసి కూర్చోబెట్టి, పిన్నిగారూ చూడండి అంటూ ఒక్కొక్కటీ చేసి చూపించాడు. ట్యాంకు మీది తీగ ఊడదీస్తే ముల్లు నిండుకి ఎగిరింది. అదే తీగ చట్రానికి తాకిస్తే సున్నాకి పడింది. అంటే మీటరు బాగుంది, తీగ బాగుంది. లోపలి బుడ్డి పైకి తీసి ఊపి చూశాడు, చిల్లి లేదు. ఇంక మిగిలింది ట్యాంకుకీ చట్రానికీ పొత్తు ఒక్కటే అన్నాడు. ఆ పొత్తు సరిగా లేకపోతే ఈ రకం మీటర్లలో ముల్లు కిందకి కాదు, పైకి పోతుందట.

"నట్టు వదులైందేమో చూడు" అన్నాను. వదులు కాదని తెలిసే అన్నాను.

పానా వేసి రెండు చేతులా లాగితేగాని రాలేదు. "నట్టు రాయిలా బిగించి ఉందండి" అని, కింద గీకి నాకు చూపించాడు. "దీని కింద రంగేశారు. నట్టు విప్పి మరీ వేశారు, ఎవరో మహానుభావులు." రంగు పోయేదాకా గీకి మళ్ళీ బిగించాడు. ముల్లు దిగి పావు దగ్గర ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది. అరవై ఆరు దసరాకి, డ్రైవరు తీసిచ్చిన పానాతో, ఇదే నట్టు విప్పాను. నిగనిగలాడే ఆకుపచ్చ మధ్యలో ఆ బోడి మచ్చ చూడలేక రెండు పూతలు వేసి మళ్ళీ బిగించాను. ఇంత చిన్న పని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? మర్చిపోయాను. మేస్త్రిగారు ఆ నట్టు విప్పినప్పుడు కింద నా రంగు చూసే ఉంటారు. ఆ రంగు మా ఇంట్లో ఎవరు వేస్తారో కూడా ఆయనకి తెలుసు. ఆ వేసవిలో మా ఆయనే తామరపువ్వు చూపించి, మా ఆవిడ వేసిందని గొప్పగా చెప్పుకున్నారు.

బాపట్ల నుంచి తిన్నగా తెనాలి పొమ్మన్నాను. డ్రైవరు ఎందుకని అడగలేదు. మేస్త్రిగారు బెంచీ మీద కూర్చుని తీగకి సీసం అతుకు వేస్తున్నారు.

"మేస్త్రిగారూ, ఆ నట్టు బిగించే ఉంది" అన్నాను.

"ఏ నట్టమ్మా?"

"మీరు మర్చిపోయానన్న నట్టు. దాని కింద నేనేసిన రంగుంది. మీరు చూశారు."

ఆయన చేతిలో పని కింద పెట్టి, పాతగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు. "రంగు సంగతి నాకు తెలియదమ్మా. నేను చూసేటప్పటికి నట్టు వదులుగానే ఉంది" అన్నారు. నేను ప్రమాణం చెయ్యమన్నాను. కాఫీ తాగుతారా అన్నారు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తున్న ఆడమనిషిని ఏం చెయ్యాలో తెలియక ఆయన షెడ్డులో చిమ్మిన చోటే మళ్ళీ చిమ్మారు.

ఆ రోజు నుంచి ఆయన పోయేవరకు ఏడేళ్ళు. మా బండి మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళింది, బండితో పాటు వీలైనప్పుడల్లా నేనూ వెళ్ళేదాన్ని. అన్నయ్యగారూ అని పిలవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. మీ బండి మీరే చూసుకోవాలని పట్టుబట్టి అంతా నేర్పారు. ముందు కర్రని అడగండి, ఆ తర్వాత ముల్లుని అనండి అనేవారు. లైటు వెలగకపోతే బల్బుని తిట్టేవాళ్ళంటే ఆయనకి చిరాకు. కాఫీ వస్తే సగం పక్క గ్లాసులోకి వంచి ఎవరో ఒకరికి ఇవ్వకుండా తాగేవారు కాదు. ఉప్పెన వచ్చిన ఏడు మా లారీ నిజాంపట్నం వైపు బియ్యం మోస్తుంటే, ఉప్పునీళ్ళు తగిలి తీగలన్నీ కుళ్ళిపోతే, పిలవకుండానే సంచీ తగిలించుకుని వచ్చి రెండు రోజులు బురదలో పడుకుని పని చేశారు.

ఎన్నిసార్లు అడిగానో. మంచిగా అడిగాను, దెబ్బలాడి అడిగాను. ఒక్కసారి అవునని ఒప్పుకుంటే కాళ్ళు పట్టుకుని క్షమించమందామని. ఒప్పుకుంటేగా. నట్టు వదులుగా ఉందమ్మా, అదే మాట. తప్పు చేసిన మనిషికి క్షమాపణ అడగడానికి కూడా దారి లేకుండా చేశారు. ఒకే ఒక్కసారి, నేను మరీ విసిగిస్తే, అటు తిరిగి తీగ చుడుతూ అన్నారు: "పెద్దావిడ ఉన్న ఇల్లు. మీరు ఆ ఇంట్లో అన్నం తినాలి. నన్నంటే ఏముంది, నేను తెనాలిలో ఉంటాను." అని, వెంటనే బ్యాటరీలో నీళ్ళు చూశారా అని అడిగారు.

నేనేం మంచిదాన్ని కాదు. నిజం తెలిశాక అయినా నలుగురిలో చెప్పాలి. చెప్పలేదు. మా అత్తగారికి ఒక్కగానొక్క కొడుకు. నీ కొడుకు నా కుంచె వల్ల పోయాడని ఆవిడ మొహం మీద ఎలా అనను? ఆవిడ పోయాక, కిందటేడు, ఇంక చెబుతానని మేస్త్రిగారితో అంటే, ఇప్పుడెందుకమ్మా, అలవాటైపోయింది అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆయన అలా అన్నందుకు నాకు హాయిగానే అనిపించింది. నోరు మూసుకున్నాను.

శనివారం పొద్దున డ్రైవరుని వెంటబెట్టుకుని మొదటి బస్సుకి తెనాలి వెళ్ళాను. షెడ్డు వెనకే ఇల్లు. ఇన్నేళ్ళలో షెడ్డు దాటి లోపలికి వెళ్ళలేదు, ఆయన భార్యని చూడనేలేదు. వాకిట్లో లారీల వాళ్ళు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. ఆవిడ గోడకి ఆనుకుని ఉంది. డ్రైవరు నేనెవరో చెప్పగానే లేచి నిలబడి నాకు చేతులు జోడించింది.

"అమ్మా, ఆయన చెయ్యి జారి మీ ఇల్లు చీకటైంది. ఏడేళ్ళ నుంచి మీరు వచ్చినప్పుడల్లా మీ మొహం చూడలేక ఆ గుమ్మం దాటి షెడ్డులోకి రాలేదు నేను. ఆయన తప్పు మనసులో పెట్టుకోకండి" అంది.

ఆవిడకి కూడా ఆయన చెప్పలేదు. కట్టుకున్న పెళ్ళానికి కూడా నట్టు వదులనే చెప్పారు.

నేను ఆవిడ చేతులు దించాను. పదిమందీ వినేలా చెప్పాను. "వదినా, ఆ నట్టు బిగించే ఉంది. దాని కింద రంగు పూసింది నేను. దానివల్లే ముల్లు తప్పు చూపించింది. ఆయనకి తెలుసు, నన్ను ఇంట్లో వాళ్ళు బతకనివ్వరని తన మీద వేసుకున్నారు." మా డ్రైవరు, పానా ఇచ్చిన మనిషి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

ఆవిడ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని షెడ్డు ముందుకి తీసుకొచ్చి పైన బోర్డు చూపించింది. తెల్ల బోర్డు మీద నాలుగు వరసల నల్ల అక్షరాలు, అన్నిటికన్నా పైన వరస ఉండాల్సిన చోట అడ్డంగా నల్లరంగు పట్టీ. ఏడేళ్ళు ఆ బోర్డు కింద నుంచి వెళ్ళి వస్తూ నేను తల ఎత్తి చూసిందే లేదు.

"మీ ఊరు వెళ్ళొచ్చిన మర్నాడే మనిషిని పిలిచి దాన్ని పూయించేశారు. బాగా వచ్చిన పని ఎందుకు మానుకుంటారని ఎంత గొడవ పెట్టుకున్నానో. మర్చిపోయేవాడికి ఆ పని తగదే, జనం నమ్మాలిగా అన్నారు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు" అంది. బోర్డు వైపే చూస్తూ, "నాకు చదువు రాదు. అక్కడ ఏం రాసుండేదో చూడమ్మా" అంది.

ఎండ ఏటవాలుగా పడుతోంది. పట్టీ కింద పాత అక్షరాలు కొంచెం ఉబ్బెత్తుగా కనబడుతున్నాయి. ఒక్కొక్కటే కూడబలుక్కుని పైకి చదివాను. "ఇచ్చట అన్నిరకముల మీటర్లు నమ్మకముగా బాగుచేయబడును."

ఇంకోసారి చదవమంది. చదివాను.